నాలుగు వందల తొమ్మిదో రింగు

“రాశాను!” అంది ముందుమాట.

డాక్టరమ్మ ఒక చేతిలో పిట్టని పట్టుకుని, నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది.

“నేనింకా నంబరు చెప్పలేదమ్మా!”

“నాలుగు వందల ఐదేగా, డాక్టరాంటీ? ఇందాకటిది నాలుగు, దీనిది ఐదు, తర్వాతది ఆరు. నేను నాలుగు వందల ముప్పై దాకా ముందే వేసేశాను.”

డాక్టరమ్మ పిట్ట కాలికున్న రింగుని భూతద్దంలోంచి చూసింది. నిజమే, నాలుగు వందల ఐదే. “హుఁ” అంది. అది మెచ్చుకోలో మందలింపో ముందుమాటకి తెలియలేదు. మెచ్చుకోలే అనుకుంది.

ముందుమాట అనేది ఆ పిల్ల అసలు పేరు కాదు. పుస్తకాలకైతే ముందుమాట మొదట్లో మాత్రమే ఉంటుంది. ఈ పిల్లకి మొదట్లోనూ, మధ్యలోనూ, చివర్లోనూ ముందుమాటే. టీచర్ సగం ప్రశ్న అడిగేసరికి పూర్తి జవాబు చెప్పేస్తుంది. ఒక్కోసారి అది వేరే ప్రశ్నకి జవాబు అయి ఉంటుంది. అందుకే ఐదో తరగతి టీచర్ ఆ పేరు పెట్టింది. పేరు అతుక్కుపోయింది. అసలు పేరు అటెండెన్స్ రిజిస్టర్లో ఒంటరిగా మిగిలిపోయింది.

పక్కన బల్ల మీద కాళ్ళూపుతూ కూర్చున్న ఏడేళ్ళ చెల్లెలి పేరు ‘ఎందుకు’. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. అక్క దగ్గర ప్రశ్నకి ముందే జవాబుంటుంది. చెల్లి దగ్గర జవాబు తర్వాత కూడా ప్రశ్నే ఉంటుంది. వీళ్ళిద్దరికీ మేనమామ అయిన పాపానికి, మామయ్య ఏ ఉదయం కూడా ఒక్క ఆవలింతైనా పూర్తిగా ఆవలించి ఎరగడు.

ఇవాళ ఆదివారం. చలికాలం చివరికొచ్చింది గానీ చలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రిజర్వాయరు పక్కనున్న రెల్లు దుబ్బుల మీద మంచు ఇంకా దుప్పటి తీయలేదు. గట్టు మీద రేకుల షెడ్డు, షెడ్డులో ఒక పొడవాటి బల్ల. బల్ల మీద కాటా, స్కేలు, పట్టకారు, సన్నటి తీగకి గుచ్చిన చిన్న చిన్న రింగులు, ఒక పెద్ద పుస్తకం.

రెల్లు మధ్యలో కంటికి కనబడనంత సన్నటి వలలు కట్టారు. చలికాలం గడపడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చిన చిన్న పిట్టలు వాటిలో చిక్కుకుంటాయి. వలస పిట్టలు కదా, పేరులోనే వల పెట్టుకుని తిరుగుతాయి, పాపం! మామయ్య అరగంటకోసారి వలల దగ్గరికెళ్ళి, వాటిని మెల్లగా విడిపించి, గుడ్డసంచుల్లో వేసుకుని తెస్తాడు. వారంలో ఆరు రోజులు సిటీ బస్సు నడుపుతాడు. “మా బస్సులో ప్యాసింజర్ల కంటే వీళ్ళే నయం. ఎక్కేటప్పుడు తోసుకోరు, దిగేటప్పుడు తిట్టరు” అంటాడు.

రింగులు వేసేది డాక్టరమ్మ. పళ్ళ డాక్టరు. వారమంతా పళ్ళు పీకే ఆ చేతులు ఆదివారం ఒక్క ఈక కూడా ఊడకుండా పిట్టని పట్టుకుంటాయి. కాలికి రింగు బిగించి, రెక్క కొలిచి, పొట్ట మీద ఉఫ్‌మని ఊది కొవ్వు ఎంతుందో చూసి, కాటా మీద తూచి, వదిలేస్తుంది. చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాసేవాళ్ళు ఒకరు కావాలి. ఎప్పుడూ రాసే మాస్టారికి జలుబు చేసింది. ఆ పుస్తకంలో రాయాలంటే పన్నెండేళ్ళు నిండాలి. ముందుమాటకి పదే. మామయ్య వారం రోజులు బతిమాలాడు.

“సరే, ఇవాళ్టికి రానివ్వండి” అంది డాక్టరమ్మ. “పని నచ్చితే మిగతా మూడు ఆదివారాలూ రాయొచ్చు. ఆ తర్వాత పిట్టలు ఎలాగూ వెళ్ళిపోతాయి.”

ఆ మూడు ఆదివారాలు ముందుమాటకి రాత్రి కలలోకి కూడా వచ్చాయి. అందుకే ఆరున్నరకే వచ్చి, మొదటి సంచీ రాకముందే, ఖాళీగా ఎందుకు కూర్చోవాలని నంబర్ల గడి మొత్తం నింపేసింది. రింగులు తీగ మీద వరసగానే ఉన్నాయి కదా! పుస్తకంలో కూడా వరసగా ఉంటే సరి.

“ఎందుకు వేస్తారు రింగు?” అంది ‘ఎందుకు’.

డాక్టరమ్మ ఐదో పిట్టని వదిలేసి, చేతులు రుద్దుకుంది. “ఇది ఇంకో నెలలో చాలా దూరం వెళ్తుంది. అక్కడ నాలాంటి ఇంకొకరు వల కడతారు. పిట్ట చిక్కితే నంబరు చూస్తారు. ఇది ఎక్కడిది, ఎప్పటిది, అప్పుడు ఎంత బరువుందని మనకి ఉత్తరం రాస్తారు. మనం పుస్తకం తీసి చూసి చెప్తాం.”

“పిట్టనే అడగొచ్చుగా?”

“అది పాట పాడుతుంది గానీ పాఠం అప్పజెప్పదమ్మా” అన్నాడు మామయ్య, మూడు సంచులు కొక్కేలకి తగిలిస్తూ.

మొదట్లో డాక్టరమ్మ ప్రతి పిట్టకీ “ఏం రాశావో తిరిగి చదువు” అనేది. ముందుమాట గడగడా చదివేది. అన్నీ సరిగ్గా ఉండేవి. ఎనిమిదో పిట్ట అయ్యేసరికి కొక్కేలకి సంచులు ఎక్కువయ్యాయి. చలిలో పిట్టల్ని ఎక్కువసేపు ఉంచకూడదు. డాక్టరమ్మ తిరిగి చదవమనడం మానేసింది.

తొమ్మిదో పిట్ట అరచేతి కంటే చిన్నది. ఊరికే గింజుకుంటోందని డాక్టరమ్మ దాన్ని తూచే ప్లాస్టిక్ గొట్టంలో ముందే తలకిందులుగా పెట్టి, బయటికున్న కాలికి రింగు వేయబోయింది. ‘ఎందుకు’ అది చూసి బల్ల మీంచి పడబోయింది.

“అక్కా, అక్కా! కాళ్ళు చూడు! పిట్ట మొత్తం గొట్టంలో ఉంది, కాళ్ళు మాత్రం బయట! ఎందుకలా?”

“చీకటిగా ఉంటే కంగారు పడదు” అంది ముందుమాట, గొట్టంలోకి తొంగి చూసి నవ్వుతూ.

ఇంతలో డాక్టరమ్మ పట్టకారు కింద రింగు టిక్కుమంది. “అయ్యో, వంగిపోయింది. నాలుగు వందల తొమ్మిది పాడైంది, దీనికి తర్వాతది వేస్తున్నా. రాయమ్మా.”

“రాశాను!” అంది ముందుమాట.

వంగిన రింగు డాక్టరమ్మ కోటు జేబులోకి వెళ్ళింది. నాలుగు వందల పదో రింగు పిట్ట కాలికి వెళ్ళింది. పుస్తకంలో మాత్రం ఆ పిట్ట నాలుగు వందల తొమ్మిది ఎదురుగా కూర్చుంది. దాని వెనక వచ్చిన పిట్ట పది ఎదురుగా, ఆ వెనకది పదకొండు ఎదురుగా. సినిమా హాల్లో ఒకరు తప్పు సీట్లో కూర్చుంటే వరసంతా పక్కకి జరిగినట్టు, పిట్టలన్నీ ఒక్కో సీటు జరిగి కూర్చున్నాయి. డాక్టరమ్మ నంబరు చెప్తూనే ఉంది. ముందుమాట “రాశాను” అంటూనే ఉంది.

మరో గంటకి ఎండ వచ్చింది. మామయ్య నాలుగు సంచులు తెచ్చాడు. మూడింటికి కొత్త రింగులు వేశారు. నాలుగో సంచీలో చెయ్యి పెట్టిన డాక్టరమ్మ నవ్వింది.

“ఇది మన పాత చుట్టమే! పొద్దున వేసిన రింగే. నాలుగు వందల పన్నెండు. పుస్తకం తియ్యి, పన్నెండు ఎవరో చెప్పు.”

ముందుమాట వేలితో వెతికింది. నాలుగు వందల పన్నెండు. రెల్లుపిట్ట. బరువు పన్నెండు గ్రాములు.

తలెత్తి చూసింది. డాక్టరమ్మ చేతిలో ఉన్నది ఆకుపిట్ట. పచ్చగా, బుల్లిగా, ఎనిమిది గ్రాములకి మించకుండా ఉంది. గంటలో ఎవరూ అంత చిక్కిపోరు. చిక్కినా రంగు మారరు.

ముందుమాట నోట్లోంచి మొదటిసారి మాట ముందుకి రాలేదు.

“ఏమైంది? దొరకలేదా?”

పై వరస చూసింది. నాలుగు వందల పదకొండు. ఆకుపిట్ట. ఎనిమిది పాయింట్ ఒకటి.

“ఆకుపిట్ట” అంది ముందుమాట. “ఎనిమిది పాయింట్ ఒకటి.”

డాక్టరమ్మ తూచింది. “ఎనిమిది పాయింట్ సున్నా. భేష్, సరిపోయింది.” మళ్ళీ దొరికిన పిట్టలకి వేరే కాగితం ఉంటుంది. అందులో తనే రాసుకుని, పిట్టని వదిలేసింది. “గాలి మొదలైంది. పదండి, వలలు ముడిచేద్దాం. ఇక్కడే ఉండండి పిల్లలూ, పది నిమిషాల్లో వస్తాం.”

ఇద్దరూ రెల్లు దుబ్బుల వైపు వెళ్ళిపోయారు.

ముందుమాట చెవులు వేడెక్కాయి. ఎక్కడో ఒక నంబరు జారింది. డాక్టరాంటీ చూస్తే మూడు ఆదివారాలూ పోయినట్టే. కానీ చూడలేదు కదా! పది నిమిషాల్లో సర్దేస్తే?

డాక్టరమ్మ పెన్సిలుకి రబ్బరు లేదు. ముందుమాట తన స్కూలు పౌచ్ లోంచి రబ్బరు తీసింది. పదకొండుని చెరిపి పన్నెండు చేద్దామని రుద్దింది. పొద్దుటినుంచీ మంచులో ఉన్న కాగితం మెత్తబడి ఉంది. అంకె పోలేదు, నల్లగా పాకింది. పక్కనున్న పిట్ట పేరు మీదికీ, బరువు మీదికీ పాకింది. కింది వరస ఇంకా మెల్లగా రుద్దింది. అదీ అంతే. దాని కింది వరస గట్టిగా రుద్దింది. కాగితానికి చిల్లు పడింది.

“ఎందుకు చెరుపుతున్నావక్కా?” అంది ‘ఎందుకు’.

“నీట్‌గా రాయడానికి.”

“ఇందాక నీట్‌గానే ఉందిగా?”

“నువ్వు నోరు ముయ్యవే!”

‘ఎందుకు’ ఒక నిమిషం నోరు మూసుకుంది. అది ఆ పిల్లకి పెద్ద రికార్డే. ముందుమాట పేజీ పైకీ కిందికీ చూసింది. పదకొండు తప్పయితే, పది? తొమ్మిది? ఐదు? తప్పు ఎక్కడ మొదలైంది? రబ్బరుకి చెరపడం వచ్చుగానీ చెప్పడం రాదు.

“అక్కా, పిట్టకి దాని నంబరు తెలుసా?”

“తెలీదు.”

“మామయ్యకి?”

“తెలీదు.”

“మరి ఎవరికి తెలుసు?”

ముందుమాట చెయ్యి ఆగిపోయింది. చిల్లు పడిన చోట ఏ పిట్ట ఉండేది? ఎంత బరువు? అది ఇప్పుడు ఎక్కడో రెల్లులో పురుగు ఏరుకు తింటూ ఉంటుంది, కాలికి రింగుతో. నెల తర్వాత ఎంత దూరమో ఎగిరి వెళ్తుంది. అక్కడ ఎవరో నంబరు చూసి ఉత్తరం రాస్తారు. ఇక్కడ డాక్టరాంటీ పుస్తకం తెరుస్తుంది. చిల్లులోంచి కింది పేజీ కనబడుతుంది.

రబ్బరు పౌచ్ లో పడేసి, పుస్తకం ఛాతీకి హత్తుకుని, ముందుమాట గట్టు దిగింది.

“ఎక్కడికి?” అంటూ చెల్లి వెనకాలే పరిగెత్తింది.

డాక్టరమ్మ వల చివర ముడి వేస్తోంది. మామయ్య చేతిలో రెండు సంచులున్నాయి.

“డాక్టరాంటీ, నేను తప్పు రాశాను. ఎక్కడినుంచో తెలీదు. మీరు లేనప్పుడు చెరిపాను. ఇంకా పాడైంది.” అన్నీ ఒకే ఊపిరిలో అనేసింది. ఆ తర్వాత ఊపిరి దొరకలేదు.

మామయ్య నోరు తెరిచాడు. డాక్టరమ్మ ముడి పూర్తిచేసింది. తర్వాత పుస్తకం తీసుకుని పేజీ చూసింది. చాలాసేపు చూసింది. పళ్ళ డాక్టరు పుచ్చుపన్ను చూసినట్టు, ముఖంలో ఏమీ కనబడకుండా చూసింది.

“పన్నెండు ఎవరని అడిగినప్పుడు?”

“పై వరస చదివాను.”

“తొమ్మిది పాడైందని చెప్పానుగా?”

“వినలేదు.”

“రాశానన్నావు?”

“రాశాను... వినలేదు.”

డాక్టరమ్మ కోటు జేబులోంచి వంగిన రింగు తీసి ముందుమాట అరచేతిలో పెట్టింది. దాని మీద సన్నటి అంకెలు. నాలుగు వందల తొమ్మిది. “జారింది ఇక్కడ. పద.”

షెడ్డులో కూర్చున్నాక డాక్టరమ్మ పెన్సిలు చూపించింది. “ఈ పుస్తకానికి రబ్బరు వాడం. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, పొడి అక్షరాలు వేస్తాం. కింద ఏముందో కనబడాలి. పొద్దున్నే ఇది చెప్పాల్సింది, మర్చిపోయాను. తిరిగి చదవమనడం కూడా మానేశాను. ఆ రెండూ నావి.”

పేజీ అంచున రాసింది: ‘409, వంగింది. చదివించలేదు.’ పక్కన తన పొడి అక్షరాలు వేసుకుంది. పెన్సిలు ముందుమాట చేతికిచ్చింది.

ముందుమాట తొమ్మిది మీద గీత కొట్టి పక్కన పది రాసింది. పది మీద గీత కొట్టి పదకొండు రాసింది. తర్వాత మసి వరసలు వచ్చాయి.

“ఇది పన్నెండు. ఇందాక మళ్ళీ దొరికిందిగా, ఆ కాగితంలో ఉంది” అంది డాక్టరమ్మ. “దీని అదృష్టం. తర్వాతది?”

“రెల్లుపిట్ట. ఇందాక చదివాను. బరువు పన్నెండో, పన్నెండు పాయింట్ ఎంతో...” ముందుమాట కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయింది. పన్నెండు పాయింట్ రెండు అని నోటి చివరి దాకా వచ్చింది. వెనక్కి మింగేసింది. “తెలీదు.”

“సరే. పేరు రాయి. బరువు దగ్గర ‘తెలీదు’ అని రాయి. ఆ కిందిది?”

ముందుమాట చిల్లు వైపు చూసింది. “అదీ తెలీదు. ఏమీ తెలీదు.”

“ఎందుకు?” అని అడగబోయిన చెల్లిని మామయ్య పక్కకి లాక్కున్నాడు.

ముందుమాట రాసింది. ఒక కన్నీటి బొట్టు బల్ల మీద పడింది. పుస్తకం మీద పడకుండా ముందే పక్కకి జరిపింది. తర్వాతి మూడు వరసలు చెక్కు చెదరలేదు. ఒక్కో గీతతో సరిపోయాయి. అప్పుడు డాక్టరమ్మ ముప్పై దాకా ముందే వేసిన అంకెలన్నిటి మీదా పైనుంచి కిందికి ఒకే పొడుగు గీత కొట్టింది.

“డాక్టరాంటీ, వచ్చే ఆదివారం నేను...”

“ముందు ఈ సంచుల్లోవాళ్ళెవరో చూద్దాం. పాపం, చలిలో వెయిట్ చేస్తున్నారు.”

“వెయిట్ చూడ్డానికే వెయిట్ చేస్తున్నారు” అన్నాడు మామయ్య. ఎవరూ నవ్వలేదు. ‘ఎందుకు’ నవ్వింది, ఎందుకో దానికే తెలీదు.

మొదటి సంచీలోంచి ఆకుపిట్ట వచ్చింది. రింగు టిక్కుమంది. “నాలుగు వందల పద్దెనిమిది.” ముందుమాట వంగి రింగు వైపు చూసి, అప్పుడు రాసింది. పేరు రాసింది. రెక్క కొలత రాసింది. గొట్టం కాటా ఎక్కింది.

“ఎనిమిది పాయింట్ ఏడు.”

ముందుమాట రాసి, చూసుకుంది. వేళ్ళు చలికి కొంకర్లు పోయాయో, కంగారో, కాగితం మీద 8.1 ఉంది. ఒకటికి నెత్తిన చిన్న అడ్డగీత పెడితే ఏడైపోతుంది. కంటి రెప్పపాటు పని. డాక్టరమ్మ పిట్ట వంకే చూస్తోంది. మామయ్య థర్మాస్ మూత తిప్పుతున్నాడు.

“ఆగండి డాక్టరాంటీ. వదలకండి. తప్పు రాశాను.”

8.1 మీద ఒక్క గీత కొట్టింది. ఒకటి ఒకటిగానే కనబడుతోంది. పక్కన 8.7 రాసి, దాని పక్కన తన పొడి అక్షరాలు వేసింది. “నాలుగు వందల పద్దెనిమిది. ఆకుపిట్ట. ఎనిమిది పాయింట్ ఏడు. సరేనా?”

డాక్టరమ్మ కాటా మీది అంకెల్ని మళ్ళీ చూసి తలూపింది. షెడ్డు గుమ్మం దగ్గర చెయ్యి తెరిచింది. పిట్ట ఒక్క క్షణం ఆలోచించి, రెల్లులోకి దూసుకుపోయింది.

“వచ్చే ఆదివారం ఈ పిల్లని ఆరింటికల్లా తీసుకురండి” అంది డాక్టరమ్మ, మామయ్యతో.

“ఆరింటికా! అప్పటికి కోళ్ళు కూడా లేవవండీ!”

“కోళ్ళకి మనం రింగులెయ్యం లెండి” అని డాక్టరమ్మ రెండో సంచీ తాడు విప్పింది.

ముందుమాటకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. సంచీలో పిట్ట బెదురుతుందని గంతు లోపలే వేసుకుంది. కింది వరసలో కొట్టేసిన అంకె పక్కన గడి తెల్లగా, ఖాళీగా ఉంది. పద్దెనిమిది తర్వాత ఏదొస్తుందో ఒకటో తరగతి పిల్లలు కూడా చెప్తారు. ముందుమాట పెన్సిలు చేత్తో పట్టుకుని, ఏమీ రాయకుండా, డాక్టరమ్మ నోటి వంక చూస్తూ కూర్చుంది.